లేని గుమ్మానికి ఒక కోనసీమవాడి ఉత్తరం

రాజమండ్రిలో ఉన్న, అంటే లేని, కోటగుమ్మం గారికి నమస్కారాలు.

మొన్న మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని బట్టలు కొనడానికి తమ దగ్గరికి వచ్చానండి. "గుమ్మం ఏదీ మావయ్యా?" అంటూ వాడు ఆటోలోంచి తల బయటపెట్టి ఒకటే వెతుకులాట. "ఆయ్, ఇదేనండి, దిగండి" అన్నాడు ఆటో అబ్బాయి. దిగాం. అన్నీ కొట్లే. గుమ్మం మాత్రం ఇంటికి తాళమేసి ఎటో వెళ్ళినట్టుంది.

తమది మట్టి కోట అని చిన్నచూపేమీ లేదండి. మా డెల్టాలో రాయెక్కడిది? కాటన్ దొరంతటివాడే ఆనకట్టకి ధవళేశ్వరం కొండ తవ్వించుకున్నాడు. పైగా ఫిరంగి గుండు తగిలితే రాతిగోడ పగులుతుంది, మట్టిగోడ ఆ గుండుని కడుపులో దాచుకుని ఊరుకుంటుంది. ఆ మట్టి కూడా కొన్నది కాదు, ముందు కందకం తవ్వితే వచ్చిందే. ఒక్క తవ్వకంతో లోతూ ఎత్తూ రెండూ అమిరేవి.

అయినా తమరిని నమ్మనివాళ్ళు ఉన్నారు. 1758 డిసెంబరు 9న చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ చేతిలో ఓడిపోయిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్, గుర్రమెక్కి రాజమండ్రికే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి తలుపులు బిగించుకున్నాడా? లేదు. గోదావరి దాటేసి బందరు దారి పట్టాడు. ఆ అవమానం తమ మనసులో ఇంకా ఉందేమో.

ఫిరంగి గుండ్లని తట్టుకునే మట్టి మా పలుగూ పారల ముందు నిలవలేదు. తప్పు మాది కాదండి. స్థలం కొంటే ముందు మెరక చేసుకోవాల్సిన నేల మాది, ఊరికే పడున్న మట్టి కనిపిస్తే చేతులు ఊరుకోవు. తమరిని కట్టినవాళ్ళ ముందుచూపు కూడా అలాంటిది, పూడ్చాల్సిన గొయ్యి పక్కనే పూడ్చే మట్టి పేర్చిపెట్టి పోయారు. ట్రాక్టరు కిరాయి కూడా కలిసొచ్చింది.

పేర్లు మాత్రం భద్రంగా ఉంచాం. తమరు ఒక సెంటరు, కందకం ఒక రోడ్డు. ఏనుగు పరుగందుకుని తలుపుని గుద్దకుండా పూర్వం కోట గుమ్మాల ముందు దారిని వంకరలు తిప్పేవారు. ఆ విద్యనీ మరిచిపోలేదు. అడ్డదిడ్డంగా పెట్టిన బళ్ళు, అరటిపళ్ళ తోపుడుబండి, నడిమధ్యన నెమరేస్తున్న ఆవు. ఏనుగు దాకా ఎందుకు, స్కూటీ కూడా పరుగందుకోలేదు.

బట్టలు కొనేసరికి వాన దంచేసింది. అరగంటలో రోడ్డు మీద పిక్కల్లోతు నీళ్ళు. కందకం రోడ్డు వైపు అనగానే మూడు ఆటోలు తల అడ్డంగా ఊపేశాయి. సంచులు నెత్తిన పెట్టుకుని కొట్టు మెట్ల మీద నిలబడ్డాం. నీళ్ళకేసి చాలాసేపు చూసి మావాడు అడిగాడు: "ఇంతకీ మనం కోట లోపలున్నామా మావయ్యా, బయటున్నామా?"

తమరే సెలవివ్వాలి.

ఇట్లు,
అమలాపురం బస్సు తప్పిపోయిన ఒక కోనసీమవాడు