పైన ఉదహరించిన రెఫరెన్సు దృష్ట్యా

ఆఫీసులో ఉత్తరం రాయడం ఎవరికైనా వస్తుంది. అంతకుముందు వచ్చిన ఉత్తరాన్ని ఇంగ్లీషులో ప్రస్తావించడం మాత్రం అందరివల్లా కాదు. దానికి సర్వీసు కావాలి. ఒకటి రెండు మెమోలు తిని ఉంటే మరీ మంచిది.

'మీ ఉత్తరం అందింది' అంటే సరిపోదా అని బయటివాళ్లు అడుగుతారు. అంత పచ్చిగా చెప్పేస్తే ఆఫీసు పరువేం కావాలి? పై అధికారికైతే 'ఐ ఇన్వైట్ యువర్ కైండ్ అటెన్షన్' అని బొట్టు పెట్టి పిలవాలి. కిందివాడికి రాసేటప్పుడు 'కైండ్' కొట్టేయాలి. పొరపాటున ఉంచితే వాడు నెత్తికెక్కుతాడు. 'అడ్వర్టింగ్ టు ది రెఫరెన్స్ సెకండ్ సైటెడ్' (పైన ఉదహరించిన రెండో ఉత్తరాన్ని ప్రస్తావిస్తూ) అని మొదలైందా, ఎదుటివాడు కుర్చీలో సర్దుకుంటాడు. ఈ 'అడ్వర్ట్' అనే క్రియ మన కలెక్టరేట్ల పుణ్యాన బతికిపోయింది. జీవోలో అయితే 'సైటెడ్' కాదు, 'రెడ్ అబవ్' (పైన చదివిన) అనాలి. ఈ తేడా తెలియనివాడి డ్రాఫ్టు సూపరింటెండెంటు టేబుల్ దాటదు, దాటకూడదు కూడా.

వెనకటి దొరలు పోయిన నెలని అల్టిమో, ఈ నెలని ఇన్‌స్టంట్, వచ్చే నెలని ప్రాక్సిమో అనేవారు. ఇప్పుడు ఇన్‌స్టంట్ అంటే కాఫీపొడే.

ఉదాహరణకి బడి పైకప్పు కారుతోంది. హెడ్మాస్టరు రాశాడు, ఎంఈఓ పైకి పంపాడు, డీఈఓ వివరాలు అడిగాడు, ఇంజనీరు అంచనా ఇమ్మన్నాడు. ఆరో ఉత్తరం వచ్చేసరికి పేజీలో సగం రెఫరెన్సులే. ఆర్‌సీ (ఫైలు) నంబర్లు, తేదీలు, వాటి కింద చుక్కల వరస. తర్వాత నాలుగు లైన్లలో ఏ ఉత్తరానికి ఏది కొనసాగింపో చెప్పి, చిట్టచివర కప్పు కారుతోందని ఒక్క ముక్క. ఎంత పకడ్బందీ! జవాబు కూడా అంతే పకడ్బందీగా వచ్చింది: రెఫరెన్సు నాలుగోది జత చేయలేదు, జత చేసి మళ్లీ పంపగలరు. ఈలోగా కారేది కారుతుంది, అది వేరే సెక్షను.

1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది కదా, తెలుగులో ఏడవచ్చుగా అంటారు కొందరు. ఏడుస్తున్నాం. 'పై సూచికలో ఉదహరించిన లేఖను పురస్కరించుకొని' అని రాస్తున్నాం. లైను ఇంకాస్త పొడుగైంది.

ఐటీ పిల్లలు నవ్వనక్కర్లేదు. వాళ్ల 'యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్' అంటే 'కళ్లు కనబడటం లేదా' అని మర్యాదగా అడగడం. 'ప్లీజ్ రిఫర్ ది ట్రైలింగ్ మెయిల్' అంటే కింద ముప్ఫై మెయిళ్లున్నాయి, తవ్వుకో అని. 'జెంటిల్ రిమైండర్' మొదటిసారి నిజంగానే జెంటిల్. రెండోసారి ఎర్రరంగులో వస్తుంది. మూడోదానికి మేనేజరు సీసీలోకి దిగుతాడు. సబ్జెక్టు లైనులో మాత్రం అప్పటికీ జెంటిలే.