గుండు అడ్డొస్తే ఇల్లు జరుపుకున్న నవాబు

హైదరాబాద్ రియల్ ఎస్టేట్‌కి తీరని ద్రోహం చేసినవాళ్ల జాబితా రాస్తే నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మొదట రాయాలి. ఆయన తర్వాత గుజరాత్‌కి తొలి గవర్నరయ్యారు, ఇక్కడి క్యాన్సర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. అదంతా సరే. లంబాడీ తండాలూ గుండ్లూ తప్ప పెద్దగా ఏమీ లేని కొండమీద, 1930ల ప్రాంతంలో ఇల్లు కట్టుకుంటూ ఆయన చేసిన నిర్వాకం చూడండి. బండ అడ్డొస్తే బండని పగలగొట్టలేదు, ఇంటినే దాని చుట్టూ తిప్పారు. గుండునే గోడ చేసుకున్నారు. మందుగుండు దొరకని కాలమా అంటే అదీ కాదు! పైగా ఆ ఇంటికి తండావాళ్ల పేరు: బంజారా భవన్. ఆ కొండలే ఇప్పటి బంజారాహిల్స్. 1933లో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కొండల మీద కవిత రాశారు. కవి కదా, గజం ఎంత పలుకుతోందని అడగాలని తట్టలేదు.

తర్వాతివాళ్లు ఈ తప్పుల్ని ఓపిగ్గా దిద్దుకొచ్చారు. ఆ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత ముసలివాటిని సాగనంపడానికి మనకి నిండా వందేళ్లు కూడా పట్టలేదు. మధ్యలో కొన్ని గుండ్లని వారసత్వ సంపదంటూ జాబితాకెక్కించిన చాదస్తులూ ఉన్నారు. ఆ జాబితాకి ఆసరాగా ఉన్న నగరాభివృద్ధి సంస్థవారి 13వ నిబంధనని 2015లో ఎత్తేశారు, పీడా పోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని పాత సామెత. మనం తవ్వి మూడంతస్తుల సెల్లార్ పట్టాం. ఎలుకలు అందులో వాటంతటవే వచ్చాయి.

మరి బంజారాలేరీ అంటారా? ఎక్కడికి పోయారు, ప్రతి బోర్డు మీదా ఉన్నారుగా! హమీద్ ఖాన్ కుంటని కూడా బంజారా చెరువు చేశాం. ఎకరాలు మనకి, అక్షరాలు వాళ్లకి. ఇంతకంటే న్యాయమైన పంపకం ఏ పెద్దమనిషీ చెయ్యలేడు.

మొన్న అక్కడే ఒక అపార్ట్‌మెంట్ గేటు లోపల నున్నటి గుండొకటి కనిపించింది. ఒక్కటైనా మిగిలిందని ముచ్చటేసి తట్టి చూశాను. డొల్ల. ఫైబర్‌తో చేసింది, లోపల స్పీకర్ పెట్టారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఏ ఊరని అడిగితే దేవరకొండ దగ్గర తండా అన్నాడు.

"జర ముట్టకుండ్రి సార్, అది మస్తు పిరం."