సిలికాన్ వారసుల వెనుక లెక్కలేవీ?

కంప్యూటర్ చిప్‌లకు పునాది అయిన సిలికాన్ చోటును కొత్త పదార్థాలు లాక్కుంటాయని ఇప్పుడు వింటున్నాం. ‘ఇక సిలికాన్ పని అయిపోయింది’ అనే మాట గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొర) వచ్చినప్పుడూ గట్టిగానే వినబడింది. 2004లో దాన్ని విడదీసి చూపిన గీమ్, నొవొసెలోవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది గానీ, గ్రాఫీన్ ప్రాసెసర్ మాత్రం రాలేదు. దానికి బ్యాండ్ గ్యాప్, అంటే కరెంటును ఆపగలిగే శక్తి అంతరం లేదు. దానితో చేసిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆఫ్ కాదు. ఆఫ్ కాని స్విచ్చుతో లెక్కలెలా చేయిస్తారు?

అసలు సిలికాన్ గెలిచింది వేగంతో కాదు. 1947 నాటి తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియంది, ఎలక్ట్రాన్లు అందులోనే చురుగ్గా కదులుతాయి. కానీ దాని ఆక్సైడ్ నీటికి కరుగుతుంది. సిలికాన్‌ను ఆక్సిజన్‌లో వేడిచేస్తే గట్టి ఇన్సులేటర్ పొర దానంతటదే ఏర్పడుతుంది. పరిశ్రమను నిలబెట్టింది ఆ పొరే.

కొత్త పదార్థాలు తడబడేదీ అక్కడే. వాటిలో ఒకటైన మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒంటిపొర మందం సుమారు 0.65 నానోమీటర్లు. సిలికాన్‌ను అంత పల్చన చేస్తే ఎలక్ట్రాన్ల కదలిక బాగా దెబ్బతింటుంది, దీనికి ఆ బెడద తక్కువ. అయితే దీని ఉపరితలం మీద ఇన్సులేటర్‌గా వేసే ఆక్సైడ్ పట్టు దొరకక సమంగా పరుచుకోదు, దీవులుగా పేరుకుంటుంది. మధ్య సందుల్లోంచి కరెంటు లీకవుతుంది. కరెంటును లోపలికి తెచ్చే లోహపు కాంటాక్టుదీ తలనొప్పే. 2021లో బిస్మత్ వాడి నిరోధాన్ని బాగా తగ్గించి చూపారు. బిస్మత్ 271 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, ఆపై వేసే వైరింగ్ పొరలకేమో 400 డిగ్రీల దాకా వేడి తగులుతుంది!

కార్బన్ నానోట్యూబులది (అతి సన్నని కార్బన్ గొట్టాలు) మరో తిప్పలు. పెంచినవాటిలో దాదాపు మూడోవంతు లోహ స్వభావంతోనే పుడతాయి. అలాంటిదొక్కటి ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే గేటు కింద పడినా కట్టేయలేని కుళాయే. అయినా 2019లో ఎంఐటీ 14 వేలకు పైగా నానోట్యూబ్ ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల ప్రాసెసర్‌ను నడిపింది. 2025లో చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం 5,900 మాలిబ్డినం డైసల్ఫైడ్ ట్రాన్సిస్టర్లతో 32 బిట్లదాన్ని చూపింది. ఘనమే, కాదనం. కానీ ఖరీదైన ఫోన్ల చిప్‌లో ఇవాళ వెయ్యి కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లున్నాయి. (మరో కొత్త పదార్థం గాలియం నైట్రైడ్ చార్జర్లలోకి వచ్చేసింది కదా అనవచ్చు. అది కరెంటును మార్చి అందించే పని, లెక్కలు చేసే ప్రాసెసర్ పని కాదు.)

ఇందులో హైదరాబాద్‌కు ఏం పని? చాలానే ఉంది. మాదాపూర్, గచ్చిబౌలిలలో చిప్ డిజైన్ చేసే ఇంజినీర్లకు రికార్డు కొట్టిన ఒక్క ట్రాన్సిస్టర్ దేనికీ అక్కరకు రాదు. ఒకే వేఫర్ (చిప్‌లు చెక్కే పల్చని బిళ్ళ)‌ మీది వేల ట్రాన్సిస్టర్లను కొలిచి, ఏది ఎంత వోల్టేజీ దగ్గర ఆన్ అవుతోంది, వేడికి ఆ వోల్టేజీ ఎంత జరుగుతోంది, వెయ్యి గంటల తర్వాత ఎలా ఉంది అన్న లెక్కలు కావాలి. అవి లేనిదే సిమ్యులేషన్ మోడల్ లేదు, మోడల్ లేనిదే చిప్‌ను గీయడానికి కావలసిన డిజైన్ కిట్ లేదు. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించేది అన్నిటికన్నా బాగా పనిచేసిన ఒక్కదాని వివరమే.

చర్లపల్లిలో అతిశుద్ధ పదార్థాల మీద పనిచేసే పరిశోధన సంస్థ సీ-మెట్ ఉంది, బాలాపూర్‌లో మరో పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, కందిలో ఐఐటీ ఉన్నాయి. డిజైన్ కంపెనీలూ ఇక్కడే ఉన్నాయి. వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక కొలతల కేంద్రం పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. వేఫర్ మొత్తాన్ని తనంతట తానే కొలిచే ప్రోబ్ స్టేషన్లు, 25 నుంచి 125 డిగ్రీల దాకా పరీక్ష, ఫెయిలైన ట్రాన్సిస్టర్ల సమాచారం సహా అందరికీ అందుబాటు: ఇవి దాని షరతులు కావాలి. ఫ్యాబ్ (చిప్‌ల తయారీ కర్మాగారం) ఖర్చుతో పోలిస్తే ఇదెంత? వచ్చే బడ్జెట్‌లో తొలి పద్దు దీనికి రాయవచ్చు.