పారేసిన కొలబద్దే మళ్లీ

మహిళల విభాగంలో పోటీపడాలంటే ముందు ఎస్‌ఆర్‌వై జన్యువు, అంటే పిండాన్ని మగ దారి పట్టించే జన్యువు, లేదని రుజువు చేసుకోవాలి. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ఇది. జీవితంలో ఒక్కసారే కదా, చెంప లోపల దూది పుల్లతో గీరడమే కదా అని సర్దిచెబుతున్నారు. ఆ పుల్లతో ఆడదెవరో తేల్చేయడమే మాకు అభ్యంతరం.

మహిళల పోటీలకు విడిగా రక్షణ కావాలన్న వాదనలో న్యాయముంది. మగ యౌవనం ఇచ్చే కండబలం చిన్న తేడా కాదు. కానీ ఈ పరీక్ష ఆ బలాన్ని కొలవదు.

ఎస్‌ఆర్‌వై ఉండేది వై క్రోమోజోమ్ పొట్టి భుజం మీద. పిండంలో వృషణాలు ఏర్పడేందుకు మొదటి మీట నొక్కేది అదే. ఆ తర్వాత వృషణం తయారవ్వాలి, అది టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ను స్రవించాలి, ఆ హార్మోన్‌ను కణాల్లోని గ్రాహకాలు అందుకోవాలి. ఈ గొలుసు ఎక్కడ తెగినా శరీరం మరో దారి పడుతుంది. గ్రాహకాలు బొత్తిగా పనిచేయకపోతే, మగవారిలో ఉండే ఎక్స్‌వై క్రోమోజోములున్న శిశువు కూడా ఆడపిల్లగానే పుట్టి పెరుగుతుంది. అలాంటివారికి మినహాయింపు ఉన్న మాట నిజమే. అది దక్కేలోగా ఎన్ని వైద్య పరీక్షలకు ఒళ్లు అప్పగించాలో ఆ అమ్మాయికే తెలుస్తుంది. 1990లో ఈ జన్యువును కనుగొన్న బృందంలోని ఆండ్రూ సింక్లెయిరే ఈ వాడకాన్ని తప్పుపట్టారు. ల్యాబ్‌లో మగ టెక్నీషియన్ చర్మకణం ఒక్కటి నమూనాలో కలిసినా ఫలితం తప్పుగా రావచ్చనీ హెచ్చరించారు.

పైగా ఇది పారేసిన కొలబద్ద. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో చెంప కణాలకు రంగు వేసి, కేంద్రకం అంచున నల్లచుక్క ఉందా అని మైక్రోస్కోప్‌లో వెతికారు. రెండు ఎక్స్ క్రోమోజోములున్నాయనడానికి ఆ చుక్కే గుర్తు. ఆ లెక్కన ఎక్స్‌ఎక్స్‌వై పురుషుడు స్త్రీగా గట్టెక్కుతాడు, ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్న స్త్రీ తప్పుతుంది. స్పెయిన్ హర్డిల్స్ రన్నర్ మరియా హోసే మార్తినెజ్ పాటినో 1985లో క్రోమోజోమ్ పరీక్షకు బలై రికార్డులు, స్కాలర్‌షిప్ పోగొట్టుకుంది. ఆమె అర్హత తిరిగొచ్చింది 1988లో. 1996 అట్లాంటాలో వెతికింది ఇదే ఎస్‌ఆర్‌వైని. 3,387 మందిలో 8 మందికి పాజిటివ్ వచ్చింది, ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. పనికిరాదని 1999లో ఒలింపిక్ కమిటీ పక్కన పడేసింది.

తర్వాత కొలత హార్మోన్‌కు మారింది. టెస్టోస్టెరాన్ పరిమితి 2011లో లీటరుకు 10 నానోమోల్స్, 2018 నిబంధనల్లో 5, 2023లో 2.5. ఇప్పుడు తిరిగి జన్యువు. గీత జరిపినప్పుడల్లా నిన్నటిదాకా అర్హురాలైన అమ్మాయి పొద్దున్నే అనర్హురాలవుతోంది. గీత గీసినవారు మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వడం లేదు. అంతర్జాతీయ మైదానంలో నిలదొక్కుకున్న కొలత రేపు జిల్లా పోటీలకు, ఎల్లుండి బడి ఆటలకు దిగదన్న హామీ ఎవరిస్తారు? పొడగరి అయినా, గొంతు బొంగురైనా, పతకం గెలిచినా ఆ పిల్ల మీద ఫిర్యాదు చేయడానికి ఇదొక్కటి చాలు.

ఇక మన సంగతి. 2014లో టెస్టోస్టెరాన్ ఎక్కువుందని పరుగుల రాణి ద్యుతీ చంద్‌ను పక్కన పెట్టారు, ఆమె వైద్య వివరాలు పత్రికలకెక్కాయి, కామన్వెల్త్ క్రీడలు చేజారాయి. 2015లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ టెస్టోస్టెరాన్ నిబంధనను నిలిపివేసేదాకా ఆమె బయటే ఉంది. నమూనాకు ముందు జన్యు సలహా, తప్పు అనుమానముంటే రెండో ల్యాబ్‌లో పరీక్ష, అప్పీలు ఖర్చు భరించే పూచీ, ఫలితం పొక్కితే ఫలానా అధికారి మీద చర్య. ఈ నాలుగూ రాసివ్వలేని క్రీడా సమాఖ్యలకు ఏ అమ్మాయి నోట్లోనూ పుల్ల పెట్టే హక్కు లేదు.