హాల్లో మిగులు జలాలు

రాజధాని గురించి మాట్లాడారు. పోలవరం గురించి మాట్లాడారు. బెంజి సర్కిల్ ట్రాఫిక్ గురించి ప్రతి ఎన్నికల్లోనూ మాట్లాడుతూనే ఉన్నారు. కానీ కృష్ణకి ఇటు విజయవాడలోనూ అటు గుంటూరులోనూ నిండు కుటుంబాల్లో చిచ్చు పెడుతున్న అసలు సమస్య మీద ఇంతవరకూ ఒక్క నాయకుడూ నోరు విప్పలేదు. రోల్ ప్లేయింగ్ గేమును సోఫాలో కూర్చుని కన్సోల్ మీద, అంటే టీవీకి తగిలించే గేముల పెట్టె మీద ఆడాలా, కుర్చీలో కూర్చుని పీసీ మీద ఆడాలా? అసెంబ్లీలో దీని మీద కనీసం ఒక వాయిదా తీర్మానం కూడా రాలేదు. అందుకే ఈ భారం నేను ఎత్తుకోవాల్సి వచ్చింది.

పెద్దవాళ్ల కోసం ముందుగా ఒక వివరణ. కారు రేసు, క్రికెట్ లాంటి గేములు పావుగంటలో తేలిపోతాయి. రోల్ ప్లేయింగ్ గేము అలా కాదు. అందులో మనం వేరే మనిషిగా బతకాలి. ఊళ్లు తిరగాలి, ఎవరి మేక తప్పిపోయినా వెతికి తేవాలి, కత్తికి సాన పట్టించుకోవాలి, ఎవరితో ఏ మాట అనాలో ఆలోచించి అనాలి, అన్న మాటకి ముప్ఫై గంటల తర్వాత ఫలితం అనుభవించాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు చేసే చాకిరీ ఇదే. కాకపోతే చివర్లో రాక్షసుడు వస్తాడు. 2015లో వచ్చిన విచర్ 3 తీరిగ్గా ఆడితే వంద గంటలు పడుతుంది. ఈ వంద అనే అంకె గుర్తుపెట్టుకోండి, గొడవంతా దానిలోనే ఉంది.

నేను కన్సోల్ పక్షం. ఇల్లు సత్యనారాయణపురం. మా మేనమామ కొడుకు పీసీ పక్షం. వాళ్లది గుంటూరు బ్రాడీపేట. మధ్యలో ఒక నది, ముప్ఫై అయిదు కిలోమీటర్ల రోడ్డు, సెకనుకి ఎనభై నాలుగు ఫ్రేముల తేడా. ఫ్రేము అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మ. నాకు సెకనుకి అరవై, వాడికి 144.

"బావా, అరవై ఫ్రేములకి కూడా మనిషన్నవాడు ఆడతాడా?" అంటాడు వాడు.

"నువ్వు 144 ఫ్రేములకి ఏం ఆడావురా, సెట్టింగుల మెనూ తప్ప?" అంటాను నేను.

లోకమంతా ఈ తగాదాని ఇక్కడే ఆపేస్తుంది. ఫ్రేములు, రిజల్యూషన్, మౌస్, కంట్రోలర్. అవన్నీ ఒంటరిగా ఇల్లు అద్దెకి తీసుకుని బతికే దేశాల కబుర్లు. మన దగ్గర తేల్చాల్సినవి రెండే. హాలు ఎవరిది? ఏ డబ్బా గురించి అబద్ధం చెప్పడం తేలిక?

మొదటిదానికి కృష్ణా జలాలే దారి చూపిస్తాయి. 1973లో బచావత్ ట్రిబ్యునల్, కృష్ణలో నూటికి 75 ఏళ్లు నమ్మకంగా దొరికే నీళ్లు 2,060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800 పంచింది. దిగువన ఉన్నవాళ్లం కాబట్టి మిగులు జలాలు వస్తే వాడుకోమంది. కానీ ఎంతకాలం వాడుకున్నా వాటి మీద హక్కు మాత్రం రాదని షరతు పెట్టింది.

మా హాల్లో ఉన్న 55 అంగుళాల టీవీకి సరిగ్గా ఇదే అవార్డు అమల్లో ఉంది. ఎగువన నాన్న. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా వార్తలు, అందులో నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ. ఆయన గేట్లు ఎత్తాక అమ్మ, నాయనమ్మ. ఏడు నుంచి పది దాకా సీరియళ్లు, ఇవి నికర జలాలు. అట్టడుగున చివరి ఆయకట్టు రైతుని నేను. పదిన్నర తర్వాత మిగిలింది వాడుకోవచ్చు, హక్కు రాదు. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలలు కరువు మండలం. ఊరి నుంచి చుట్టాలొచ్చి హాల్లో చాపలు పరిచారంటే ఆ రాత్రి చుక్క రాదు. వంద గంటల గేముని రోజుకి గంటన్నర చొప్పున, సౌండు నాలుగు మీద పెట్టుకుని ఆడితే ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి. కథలో ఎవడు ఎవడిని చంపాడో గుర్తులేక నేను ఒక పాత నోటుబుక్కులో రాసుకున్నాను. అది చూసి అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు గుంటూరు వైపు చూడండి. పీసీ గదిలో ఉంటుంది. గదికి తలుపు ఉంటుంది. తలుపుకి గడియ ఉంటుంది. వాడిది సొంత బోరు.

ఇక రెండో విషయం మరీ దారుణం. నా కన్సోల్, అంటే సోనీవాళ్ల ప్లేస్టేషన్ 5, మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది, డిస్కు పెట్టేది 49,990 రూపాయలు. స్టాకు దొరికి నేను కొనేసరికి వేసవి వచ్చింది. అట్టపెట్టె విప్పుతుంటే నాన్న కళ్లజోడు సవరించుకుని వచ్చి నిలబడ్డారు.

"ఇదేం చేస్తుంది?"

"గేములు ఆడుకోవచ్చు నాన్నా."

"ఇంకా?"

"సినిమాలు చూడొచ్చు."

"టీవీలో వస్తున్నాయిగా. ఇంకా?"

యాభై వేల రూపాయల వస్తువు గురించి మూడో "ఇంకా?"కి నా దగ్గర జవాబు లేదు. అదే పీసీ అయితే "ఇంకా?" అని వందసార్లు అడిగినా జవాబు ఉంటుంది. మా బావమరిది డబ్బాకి మన శాస్త్రాల్లో చెప్పినట్టు నాలుగు ఆశ్రమాలూ గడిచాయి. ఇంటర్‌లో దాని పేరు ఎంసెట్ ఆన్‌లైన్ టెస్టులు. బీటెక్‌లో ప్రాజెక్టు. పాసయ్యాక కోడింగ్ ప్రాక్టీసు. ఉద్యోగం వచ్చాక వర్క్ ఫ్రమ్ హోమ్. ఒక్కో ఆశ్రమంలోనూ గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మాత్రం మారుతూ వచ్చింది. "సీ ప్రోగ్రాముకి ఇంత పెద్ద కార్డు కావాలా నాయనా?" అని మా మేనమామ ఒక్కసారి అడిగారు. "కంపైల్ అవ్వాలిగా నాన్నా" అన్నాడు వాడు. మేనమామ చెక్కు రాసిచ్చారు. సీ ప్రోగ్రాం కంపైల్ అవ్వడానికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదని ఆయనకి నేను చెప్పలేదు. బంధుత్వం.

నా కన్సోల్ సంగతి ఏమైందంటే, దుమ్ము పడుతుందని అమ్మ దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పింది. గుడ్డ జారకుండా పైన కొండపల్లి ఏనుగు అంబారీ పెట్టింది. వేడిగాలి పోవాల్సిన చోట మావటివాడు కూర్చున్నాడు. మే నెల బెజవాడలో, ఏనుగు బరువు కింద, అది చేసిన చప్పుడు విని పక్కింటాయన మిక్సీ బాగుచేయించుకోమని సలహా ఇచ్చాడు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి బావమరిది కష్టాలు కూడా చెబుతాను. స్కైరిమ్ అని ఒక గేము 2011 నవంబరు 11న వచ్చింది. మొదట్లోనే చేతులు కట్టేసి, బండిలో ఉరికంబానికి తీసుకెళుతుంటారు. బండి దిగితేనే కథ. వాడు ఇంటర్ నుంచి ఆ గేము ఆడుతున్నాడు. నాకు తెలిసి ఇంతవరకూ నాలుగుసార్లకి మించి బండి దిగలేదు. ఎందుకంటే ముందు మాడ్లు, అంటే గేముని మార్చడానికి అభిమానులు రాసిన చేర్పులు, పెట్టాలి. చెట్లు పచ్చగా కనబడటానికి ఒకటి, నీళ్లు నీళ్లలా పారడానికి ఒకటి, వంద దాటాక ఒకదానికొకటి పడకపోతే సర్దిచెప్పడానికి ఇంకొకటి. డ్రాగన్ల బదులు పిల్లల కార్టూన్లోని రైలింజను ఎగురుకుంటూ వచ్చే మాడ్ కూడా ఉంది, వాడు దాన్నీ పెట్టాడు. ఇవన్నీ అయ్యాక కొత్త కార్డు వేసి మొదలుపెడితే బండి గాల్లోకి లేచి పల్టీలు కొట్టింది. ఆ గేములో వస్తువుల కదలికలని ఫ్రేములకి ముడిపెట్టి రాశారు, అరవై బాగా దాటితే లెక్క తప్పుతుంది. అంటే లక్ష రూపాయలు పోసి కొన్న బలాన్ని, బండి తిన్నగా నడవడం కోసం మళ్లీ అరవైకి కట్టేయాలి. నేను సోఫాలో మామూలుగా ఆడేది కూడా ఆ అరవైకే. ఈ విషయం నేను వాడికి వారానికి రెండుసార్లు గుర్తుచేస్తాను.

ఇక విడుదలల సంగతి. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ కన్సోల్‌కి 2020 ఏప్రిల్‌లో వచ్చింది, పీసీకి 2021 డిసెంబరులో. గాంధీనగర్ థియేటర్లలో ఆడి దిగిపోయిన బొమ్మ ఏడాదిన్నర దాటాక టూరింగ్ టాకీసుకి వచ్చినట్టు. నేను ఆ పోలికే చెప్పాను, వాడు ఫోన్ పెట్టేశాడు. తర్వాత బాల్డర్స్ గేట్ 3 వచ్చింది. 2023 ఆగస్టు 3న పీసీకి, సెప్టెంబరు 6న నాకు. ఆ నెలరోజులూ రాత్రి పదకొండుకి ఫోన్ చేసి, "బావా, కథ చెప్పను గానీ..." అని మొదలుపెట్టి కథంతా చెప్పాడు. సైబర్‌పంక్ 2077 గురించి మాత్రం నేను ఎత్తను. 2020 డిసెంబరు 10న వచ్చిన ఆ గేము పాత కన్సోళ్ల మీద ఎలా నడిచిందంటే, పది రోజులు తిరక్కుండానే సోనీ దాన్ని తన స్టోరు నుంచి తీసేసి జనానికి డబ్బులు వెనక్కిచ్చింది. ఎత్తను అన్నాను కదా, ఎత్తేశాను.

డబ్బు లెక్క ఒక్క ముక్కలో తేల్చేస్తాను. వాడి గేములు సేల్‌లో వందల్లో దొరుకుతాయి, నావి వేలల్లో. కానీ నా డిస్కుని ఆడేశాక ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పాత చీరలకి స్టీలు గిన్నె తీసుకునే సంప్రదాయంలో పుట్టినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నైతిక ప్రశ్న మీద కాస్త ఆగాలి. బాల్డర్స్ గేట్‌లో ఏ పని చేయాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. కాపలావాడిని బుజ్జగించాలన్నా పాచికే, తాళం తీయాలన్నా పాచికే. మా బావమరిది ప్రతి పాచికకీ ముందు ఎఫ్5 నొక్కి సేవ్ చేస్తాడు, పందెం పోతే ఎఫ్8 నొక్కి వెనక్కి పోతాడు. కావలసిన అంకె పడేదాకా నొక్కుతూనే ఉంటాడు. ఆ సభలో ధర్మరాజు దగ్గర ఈ రెండు మీటలూ ఉంటే అరణ్యవాసం ఉండేది కాదు, శకుని రాత్రంతా పాచికలేసి చెయ్యినొప్పితో గాంధారానికి పోయేవాడు. నేను అలాంటి పని చేయను. మెనూలోకి వెళ్లి సేవ్ చేయాలంటే బద్ధకం. ఆ బద్ధకాన్ని నేను ధర్మం అంటాను.

కానీ హాల్లో ఆడటంలో ఒక భాగ్యం ఉంది, అది మూసిన తలుపుల వెనక దొరకదు. ఒక రాత్రి నాయనమ్మకి నిద్రపట్టక వచ్చి సోఫాలో కూర్చుంది. తెర మీద విచర్ హీరో గెరాల్ట్, తెల్లజుట్టు వేసుకుని గుర్రం మీద పోతున్నాడు.

"ఎవర్రా ఆ పెద్దాయన? వీపున రెండు కత్తులెందుకు?"

"ఉక్కు కత్తి మనుషులకి, వెండి కత్తి దయ్యాలకి నాయనమ్మా."

"వెండి ఈ రేటున ఉంటే దయ్యాల మీద పాడు చేస్తున్నాడా?"

ఆ గేములో తెలుగు లేదు. ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా మొదట్లో చీమల బారులా ఉండేవి, సోఫాలోంచి కనబడటం లేదని జనం గోలపెడితే అప్‌డేట్‌లో పెద్దవి చేశారు. దాంతో నాయనమ్మకి ప్రతి మాటా నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి ఆవిడ పట్టు సాధించింది. నల్లబట్టల యెన్నెఫర్‌కి నోరు ఎక్కువని, ఎర్రజుట్టు ట్రిస్ ఇల్లు దిద్దుకునే పిల్లని తీర్పు చెప్పింది. నేను ఇద్దరికీ మాటిచ్చాను. ఆ గేములో ఇద్దరికీ ఆశపెడితే ఇద్దరూ కలిసి అతన్ని మంచానికి కట్టేసి పోతారు. అది చూసి నాయనమ్మ అర్ధరాత్రి చప్పట్లు కొట్టింది. "ఈ ముసలాయనకే రెండు సంబంధాలొచ్చాయి, నీకు ఒక్కటీ రాలేదు" అని కూడా అంది. మర్నాడు ఆయన గుర్రం ఎలాగో ఒక పూరిపాక కప్పు మీదికి ఎక్కి నిలబడింది, ఆ గుర్రానికి అలవాటే. నేను బగ్ అన్నాను. "నోరులేని జీవాన్ని అలా అనకు, ముందు కిందికి దింపు" అంది.

ఆపైన ఒక రోజు నాన్న మంచినీళ్లకి లేచి వచ్చి, తెర మీద ముక్కలు పరిచి ఉండటం చూశారు. ఆ గేములోపల గ్వెంట్ అని ఒక పేకాట ఉంది. "ఇందులో షో చెప్పొచ్చా?" అని అడిగి, నీళ్ల చెంబు చేతిలో పట్టుకునే రెండింటిదాకా నిలబడ్డారు. ట్రిబ్యునల్ ఛైర్మనే ఆయకట్టులో కాలుపెట్టాక అవార్డు ఎక్కడ నిలుస్తుంది? ఇప్పుడు ఎనిమిది గంటల సీరియల్ టైములో గంట నీళ్లు నాకు వదులుతున్నారు. ప్రాజెక్టు మాత్రం నాయనమ్మ పేరు మీద ఉంది.

మొన్న దసరాకి బావమరిది వచ్చాడు. బ్రాడీపేటలో ఇంటికి రంగులు వేయిస్తున్నారని పీసీని దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి తెచ్చాడు. నేరుగా హాల్లోకి మోసుకొచ్చి టీవీకి కేబుల్ తగిలించాడు. జేబులోంచి కంట్రోలర్ తీశాడు. సోఫాలో నా చోట్లో కూర్చుని కాళ్లు చాపాడు.

"ఏరా, టీవీ, సోఫా, కంట్రోలర్. ఇది కన్సోల్ కాక ఇంకేంట్రా?" అన్నాను.

"కాదు బావా. చూడు, అప్‌డేట్ అడుగుతోంది" అన్నాడు గర్వంగా.

నీలం తెర మీద 27 శాతం దగ్గర చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అమ్మ, నాయనమ్మ, నేను, వాడు, నలుగురం వరసగా కూర్చుని చూశాం. 31 శాతం దగ్గర నాయనమ్మ గుర్రం గురించి అడిగింది. 40 దగ్గర నాన్న వచ్చారు.

"ఏంట్రా ఈ పెట్టె?"

ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఉద్యోగస్తుడు, అలవాటు మీద ఠక్కున అనేశాడు. "చదువుకే మావయ్యా."

నాన్న పెట్టెని చూశారు, టీవీని చూశారు, గొంతు కాస్త తగ్గించారు.

"ఆ పేకాట సిలబస్‌లో ఉందా?"