జూలైలో ఓడొస్తుంది, మన పిల్లలు హాస్టల్లో ఉంటారు

విహార నౌక ఎక్కడానికి ముంబయో గోవానో పోవాలన్న రోజులు పోయాయి. 2022లో తొలిసారి విశాఖకు వచ్చిన కార్డెలియా నౌక 2025 జూన్ 30న చెన్నైలో బయల్దేరి జూలైలో మళ్లీ విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య తిరిగింది. మధ్యలో 2023లో సుమారు రూ.96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరుచుకుంది. శ్రీకాకుళం నుంచి హైవే ఎక్కితే రెండు రెండున్నర గంటల్లో ఓడ దగ్గరుంటాం, విజయనగరం వాళ్లకైతే అదీ అక్కర్లేదు. ఇవన్నీ పేపర్లలో చదివినవే. నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లో టీనేజ్ పిల్లలుండి, చేతిలో ఆ డబ్బుంటే ఈ ప్రయాణాన్ని వాయిదా వేయొద్దు. అరకు, ఊటీ ఎక్కడికీ పోవు. పిల్లలే పోతారు.

పదహారేళ్ల పిల్లాడితో టూర్ వెళ్లిన ఏ తల్లిదండ్రుల్ని అడిగినా ఒకటే చెబుతారు. కారులో ఇయర్‌ఫోన్స్, హోటల్లో మంచం మీద ఫోన్, గుడికి రమ్మంటే మొహం ముడుచుకోవడం. తెలియని ఊళ్లో వాణ్ణి ఒంటరిగా బయటికి పంపాలంటే మనకు టెన్షన్, మన వెంటే తిరగాలంటే వాడికి చిరాకు. ఓడలో ఈ పేచీ ఉండదు. ఎక్కేటప్పుడు చేతికో కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సూ అదే. ఈతకొలను, నాటకశాల, భోజనశాల, పై డెక్కు, ఎక్కడికి వెళ్లినా ఓడలోనే ఉంటాడు. మనం ఆరా తీయక్కర్లేదు, వాడు అబద్ధమాడక్కర్లేదు. ఆ వయసు పిల్లలు కోరుకునే స్వేచ్ఛ, తల్లి కోరుకునే నిబ్బరం ఒకేచోట దొరకడం మామూలు విషయం కాదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడి, తీరం సన్నబడి కనుమరుగయ్యాక ఫోన్లో సిగ్నల్ పోతుంది. ఓడ వైఫైకి విడిగా డబ్బు కట్టాలి. దయచేసి కట్టకండి.

విజయనగరంలో నాకు బాగా తెలిసిన టీచర్ దంపతులు అలాగే కట్టలేదు. కొడుకు ఇంటర్ ఫస్టియర్. మొదటి సాయంత్రమంతా రెయిలింగ్ పట్టుకుని ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పాడట. మర్నాడు భోజనం దగ్గర ప్లేటు ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. రాత్రి పై డెక్కు మీద నిలబడి, దూరంగా మినుకుమంటున్న వేట పడవల దీపాలు చూసి, వాళ్లు ఎన్నాళ్లకు ఇంటికెళతారని అడిగాడు. మన తీరపు ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతారనీ, 2018లో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదనీ తల్లి చెప్పింది. తండ్రి తన తాత కబురెత్తాడు. కళింగపట్నంలో స్టీమరెక్కి, డెక్కు టిక్కెట్టు మీద బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లిన మనిషి. కొడుకు అడుగుతూనే ఉన్నాడు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, తిరిగెలా వచ్చారు అని. అర్ధరాత్రి దాటింది. పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆ మాటలు వాళ్ల మధ్య ఎప్పుడూ రాలేదు. ఇంట్లో అంత తీరుబడి ఎక్కడిది?

దండగ ఖర్చు అనేవాళ్లున్నారు. నలుగురికి, ఎంచుకున్న గదినీ రాత్రుల్నీ బట్టి, లక్షకు అటూ ఇటూ అవుతుంది. నిజమే, చిన్న మొత్తం కాదు. కిటికీ లేని లోపలి గది తీసుకుంటే తగ్గుతుంది, పిల్లలు ఎలాగూ గదిలో ఉండరు. ఓడలో క్యాసినో, బార్ ఉంటాయని ఇంకో అభ్యంతరం. 2022 జూన్‌లో పుదుచ్చేరిలో ఓడను రానివ్వకపోవడానికి కారణం అదే. కానీ క్యాసినోలోకి పిల్లల్ని రానివ్వరు, పెద్దలు వెళ్లాలో లేదో పెద్దలే తేల్చుకోవాలి. సముద్రం పడనివాళ్లు డాక్టర్ని అడిగి వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు.

అసలు అడ్డంకి డబ్బు కాదు, క్యాలెండర్. నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలమయ్యాకే ఓడ ఇటువైపు వస్తుంది. అప్పటికి మన బడులు జూన్ 12న తెరిచేసి ఉంటాయి. ఇంటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025-26 నుంచి విద్యాసంవత్సరం ఏప్రిల్ 1నే మొదలవుతోంది. వేసవి సెలవులు కాగితం మీద ఉంటాయి. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆ నెల కూడా స్టడీ అవర్సే. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరముంది, రాష్ట్రంలో ఇంత పొడవు తీరం చాలా జిల్లాలకు లేదు. ఆ తీరానికి పది కిలోమీటర్లలో పుట్టిన పిల్లాడు సముద్రాన్ని కార్తీకమాసం పిక్నిక్‌లో ఒకసారి చూసి, ఎనిమిదో తరగతికే పెట్టె సర్దుకుని విశాఖకో విజయవాడకో హాస్టల్‌కి పోతున్నాడు. ఆదివారం గేటు దగ్గర అరగంట, చేతిలో పులిహోర డబ్బా. పిల్లల పెంపకం ఇంతకు కుదించుకుపోయింది. ర్యాంకు వచ్చాక తీరిగ్గా తిప్పుదామనుకుంటారు. ర్యాంకు వచ్చినవాడు ఆ ఏడాదే ఇంకో రాష్ట్రం వెళ్లిపోతాడు, తర్వాత అమెరికా. వాడితో గడపాల్సిన ఏళ్లను మనమే ఫీజు కట్టి వదులుకుంటున్నాం. ఇది నాకు బాధగా ఉంది, కోపంగా కూడా ఉంది.

రుతుపవనాలకు ముందే, మే ఆఖరివారంలో, ఒక్క ట్రిప్పయినా విశాఖ నుంచి వేయించమని పర్యాటక శాఖ నౌకా సంస్థను అడగాలి. ఇంటర్ బోర్డు ప్రకటించిన సెలవుల్లో క్లాసులు పెట్టే కాలేజీల మీద చర్య తీసుకోవాలి. ఈ రెండూ జరిగేదాకా చేయాల్సింది తల్లిదండ్రులే. జూలైలో నాలుగు రోజులు సెలవడగండి. జ్వరమనో, అమ్మమ్మకు బాగాలేదనో చీటీ రాయొద్దు. ఇంటిల్లిపాదీ ఓడలో వెళుతున్నామని రాసి, ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేయండి.