సీజర్ వినాయకుణ్ణి కొలవలేదు

రోమన్లు తమ వెండి నాణేల మీద మన దేవతలనే ముద్రించుకున్నారని చెప్పే వాట్సాప్ సందేశాన్ని మిత్రులు మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నారు. పంపేవారిలో చదువుకున్నవారే ఎక్కువ కావడంతో సమాధానం చెప్పక తప్పడం లేదు.

రోమన్ నాయకుడు జూలియస్ సీజర్ క్రీ.పూ. 49లో వేయించిన దేనారం అనే వెండి నాణెం మీది ఏనుగు వినాయకుడట. అది నాలుగు కాళ్ల మామూలు ఏనుగు. దాని కింద సీజర్ పేరు, వెనక వైపున ఆయన ప్రధానార్చక పదవిని గుర్తుచేసే గొడ్డలి, టోపీ ఉన్నాయి. తొండం ఉన్నదల్లా వినాయకుడైతే సర్కసు డేరాలన్నీ దేవాలయాలే.

మరికొన్ని రోమన్ నాణేల మీద గుర్రాలెక్కి కనిపించే కవలలు అశ్వినీదేవతలన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. డయోస్కూరి అనే ఆ కవల దేవతలకూ, ఋగ్వేదంలోని అశ్వినులకూ ఉమ్మడి ఇండో-యూరోపియన్ మూలం (ఉత్తర భారత, ఐరోపా భాషలు చాలావరకు పుట్టిన పాత సంప్రదాయం) ఉందని చాలామంది పండితులు అంగీకరిస్తారు. అంటే వారు దాయాదులే తప్ప ఒకరికొకరు నకళ్లు కారు.

అసలు ప్రమాదం చివరి అంశంలో ఉంది. రోమ్ చక్రవర్తి తిబేరియస్ దేనారం మీద కూర్చున్న స్త్రీ లక్ష్మీదేవి అనీ, మన పూర్వీకులు ఆ నాణేలను పూజించి పాతిపెట్టారనీ, పొలంలో దొరికితే ఎవరికీ చెప్పకుండా చింతపండుతో తోమి పూజగదిలో పెట్టుకోవాలనీ సందేశం ఉపదేశిస్తుంది. ఆమె చేతిలో ఉన్నది పద్మం కాదు, కొమ్మ. రెండో చేతిలో రాజదండం. ఆమె శాంతిదేవతా, ఆ రూపంలో ఉన్న చక్రవర్తి తల్లి లివియానా అని చరిత్రకారులు వాదించుకుంటారు గానీ, ఆ వాదనలో లక్ష్మి ఊసే లేదు. కరీంనగర్, నల్గొండ ప్రాంతాల దాకా ఈ నాణేలు వచ్చింది వెండి కోసం. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువునూ వెండి పాళ్లనూ తగ్గించాక వేసిన దేనారాలు, వాటి మీద సాక్షాత్తూ రోమన్ల దేవరాజు జూపిటర్ కొలువై ఉన్నా, మన దేశపు నిధుల్లో అరుదుగానే కనిపిస్తాయి. భక్తే కారణమైతే తూకంతో పనేమిటి? పైగా ఇక్కడ దొరికిన రోమన్ నాణేలు కొన్నింటి మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. పూజలో పెట్టే వస్తువును మనవాళ్లు ఉలితో అర్చిస్తారా?

చింతపండుతో తోమితే ఆ గాట్ల అంచులూ, అక్షరాలూ దెబ్బతింటాయి. చెప్పకుండా దాస్తే ఏ ఊళ్లో, ఏ కుండలో, ఏ నాణేలతో కలిసి దొరికిందన్న సమాచారమే పోతుంది. అంతకుమించి, అది నేరం. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దాచినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. తెలిపినవారికి వాటా దక్కే ఏర్పాటు కూడా అదే చట్టంలో ఉంది. ఆ సంగతి సందేశం రాసిన పుణ్యాత్ముడికి తెలియదో, తెలిసే రాయలేదో!